అక్కయ్య గొంతు మింగిన పెట్టె

మనిషి నోట వెలువడిన మాట మొదట గాలిలో కలిసిపోయి, ఆ తరువాత శిష్యుల చెవులలో తలదాచుకుని, పిమ్మట రాతి మీదికెక్కి, రాగిరేకుల మీదికి దిగి, ఆకుల మీద గీతలై, కాగితం మీద సిరాయై, చివరకు కంటికి కనబడని రేణువులుగా మారి ఇనుప పళ్ళేల మీద గిరగిర తిరిగే స్థితికి చేరుకునేసరికి ఎన్ని రాజ్యాలు లేచి ఎన్ని కూలినవో చెప్పగలవాడు కాలపురుషుడొక్కడే గాని, ఆ పురాతన ప్రయాణపు చిట్టచివరి మజిలీలో, బస్‌స్టేషను వెనుక వీధిలో, అద్దం పగిలిన పాత జెరాక్సు మెషీనుకూ అద్దం ఇంకా పగలని కొత్త జెరాక్సు మెషీనుకూ నడుమ ఇరుక్కుని, తడి వేలితో కాగితాలు తిరగేస్తూ నిలబడి ఉన్న పొట్టి మనిషి మాత్రం నకలు మామయ్యే.

కన్నవారు పెట్టిన పేరు ఆయనకొకటి ఉండే ఉంటుంది. వీధిలో అది ఎవరికీ జ్ఞాపకం లేదు. పిలిచినా ఆయన పలకడు. విధాత ఒక్కొక్క మనిషిని ఒక్కొక్క అచ్చులో పోసి, వెంటనే ఆ అచ్చును పగలగొడతాడని పెద్దలు చెబుతారు. ఈయనను పోసిన అచ్చు మాత్రం పగలలేదనీ, పగిలేలోపే ఈయన దానిని మెషీను మీద బోర్లించి రెండు ప్రతులు తీసి ఉంటాడనీ ఆయన భార్య అభిప్రాయం.

అసలు అనేది ఎప్పటికైనా పోయేదే, నకలు ఉంటేనే నిబ్బరం అన్నది మామయ్య సిద్ధాంతం. కరెంటు బిల్లుకు నకలుంది. ఆ నకలుకు మరొక నకలుంది. ఇంటి తాళంచెవికి ఎన్ని నకళ్ళున్నవంటే, ఇక తాళం వేయడమెందుకని పొరుగువారు అడుగుతారు. తమ పెళ్ళిఫోటోకు ఆయన తీసిన నకళ్ళలో ఒకదానిలో సిరా ఎక్కువై పెళ్ళికూతురి ముఖం బొగ్గులా వచ్చింది. ఆయన దానిని కూడా ఫ్రేము కట్టించాడు. "ఎవరండీ ఈవిడ? నాకు తెలియకుండా ఇంకో పెళ్ళి చేసుకున్నారా?" అని భార్య ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

ఆయన వృత్తిధర్మంలో ఒక కఠినమైన నియమం ఉంది. మంచి ప్రతి చేతికందిన మరుక్షణం మసకగా వచ్చిన ప్రతిని చింపివేయవలసిందే. రెండూ బల్ల మీద ఉంటే చెడ్డదే కవరులోకి పోతుందనీ, పుచ్చుకున్నవాడు తిరిగివచ్చి తన వంశాన్ని తలచుకుంటాడనీ ఆయన అనుభవం. దుకాణం తెరిచిన నాటి నుంచీ ఆ నియమానికి భంగం రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఇక పెట్టె సంగతి. దుకాణంలో పనికిరాకుండా పోయిన పాత కంప్యూటరును మామయ్య ఇంటికి మోసుకువచ్చి, మెట్లకింద బట్టలుతికే మెషీను పక్కన ప్రతిష్ఠించాడు. అందులో రెండు పెద్ద హార్డ్ డిస్కులు బిగించాడు. ఒకదానిలో రాసినదంతా రెండవ దానిలోనూ దానంతట అదే రాసుకుంటుందని విన్ననాడే ఆయన ఆ యంత్రాన్ని ప్రేమించాడు. బంధువర్గంలోని ఫోటోలు, వీడియోలు, పాటలు, మాటలు సమస్తమూ అందులోకి చేర్చి, "పెట్టెలో భద్రంగా ఉన్నాక ఫోనులో బరువెందుకు?" అంటూ అందరి ఫోనులనూ తన చేతులతోనే తుడిచి శుభ్రం చేశాడు. వద్దన్నవారి ఫోనులు వారు స్నానానికి వెళ్ళినప్పుడు శుభ్రమైనవి.

దేహం ఎంత పెద్దదైనా అందులో కొలువున్న పురుషుడు బొటనవేలంతవాడేనని శాస్త్రం. ఆ పెట్టె విషయంలో శాస్త్రం అక్షరాలా నిజం. పెట్టెను నడిపే బుద్ధి యావత్తూ దాని వీపున గుచ్చిన బొటనవేలంత పెన్ డ్రైవులో ఉండేది. మీట నొక్కగానే పెట్టె ముందుగా ఆ పెన్ డ్రైవును చదివి, తానెవరో తెలుసుకుని, ఆ తరువాతనే కళ్ళు తెరిచేది. అది లేకపోతే డిస్కులలో ముల్లోకాలున్నా పెట్టె ఒట్టి ఇనుపడబ్బా.

మామయ్యకు ఒక అక్కయ్య ఉంది. బస్‌స్టేషనులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడికి పోతుందో ప్రకటించడం ఆమె ఉద్యోగం. "ప్రయాణికులకు మనవి" అని ఆమె ఒక్క గద్దింపు గద్దిస్తే కదిలిన బస్సు కూడా ఆగి వినేదని డ్రైవర్లు చెప్పుకునేవారు. అటువంటి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషను చేసి గడ్డతోపాటు గొంతునూ తీసేశారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. అప్పటి నుంచి ఆమె ఫోనులో అక్షరాలు కొడుతుంది, ఫోను వాటిని చదువుతుంది. ఆ ఫోను గొంతుకు కోపమూ తెలియదు, ముద్దూ తెలియదు. నిద్రలోంచి లేపి పాఠం అప్పజెప్పమన్న పిల్లవాడిలా మాట మాటకూ ఆగుతూ ఒకే తీరున ఈడుస్తుంది. నోటితో ఊరిని శాసించిన మనిషికి అంతకంటే నరకం వేరే ఉండనవసరం లేదు.

ఆసుపత్రిలో ఆమెకు మాట సాయం చేసే డాక్టరమ్మ ఒక శుభవార్త చెప్పింది. గొంతు బాగున్న రోజుల రికార్డులు స్పష్టంగా ఉన్నవి తెచ్చిస్తే, ఫోను ఆమె సొంత గొంతుతోనే మాట్లాడేటట్లు చేయిస్తామంది. ఆ పని తెలిసినవారు సోమవారం వస్తారు; వారు మళ్ళీ ఎప్పుడు వస్తారో చెప్పలేమంది.

"అదెంత పని అక్కయ్యా! నీ గొంతంతా నా పెట్టెలోనే ఉంది. ఆదివారం పొద్దున్నే రా, తీసిచ్చేస్తాను" అని మామయ్య రొమ్ము విరుచుకున్నాడు.

ఆ ఉత్సాహంతోనే శనివారం పెట్టెను తెరిచి చూశాడు. తెర మీద ఎర్రటి హెచ్చరిక ఒకటి వెలిగింది. పెన్ డ్రైవు పాతదైపోయింది, త్వరలో చెడిపోవచ్చు, మార్చుకోవలసింది అని దాని సారాంశం. ఇంతకంటే ఆనందకరమైన ఆజ్ఞ ఆయనకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు. పెట్టెను ఆర్పి, పాత పెన్ డ్రైవును దుకాణానికి తీసుకుపోయి, దానిలోని ఫైళ్ళన్నిటినీ ఎంచి, లాగి, కొత్త పెన్ డ్రైవులో వదిలాడు. ఒక్కటీ తప్పిపోలేదు. పరిమాణం సరిచూసుకున్నాడు, సరిపోయింది. మంచి ప్రతి చేతికి వచ్చింది. ఇక వృత్తిధర్మం ఏమంటుంది? పాత పెన్ డ్రైవును పటకారుతో పట్టి రెండు ముక్కలు చేశాడు.

ఇంటికి వచ్చి కొత్తదానిని పెట్టె వీపున గుచ్చి మీట నొక్కాడు. పంకా తిరిగింది. దీపం వెలిగింది. నల్లటి తెర మీద తెల్లటి వాక్యం ఒకటి ప్రత్యక్షమైంది: బూట్ చేయదగిన పరికరమేదీ దొరకలేదు, సరైనది పెట్టి ఏదో ఒక మీట నొక్కుము. ఏదో ఒకటి అన్నారు గదా అని మామయ్య మీటలన్నిటినీ వరుసగా నొక్కాడు. వాక్యం చలించలేదు.

"ఏమంటోందండీ?" అంది భార్య, తడిబట్టల బుట్టతో వచ్చి.

"పెన్ డ్రైవు లేదంటోంది."

"మరి పెట్టారా?"

"పెట్టానే! కనబడ్డం లేదూ?"

"నాకు కనబడుతోందండీ. దానికే కనబడ్డం లేదు."

పెన్ డ్రైవును తీసి నోటితో ఊది మళ్ళీ గుచ్చాడు. వెనుకనున్న రంధ్రాలన్నీ అయ్యాక ముందున్నవి ప్రయత్నించాడు. సెట్టింగుల తెరలోకి దూరి, ముందుగా దేనిని చదవాలో చెప్పే వరుసలో పెన్ డ్రైవును అందరికంటే ముందు నిలబెట్టాడు. భద్రత అని రాసి ఉన్న చోటల్లా అది ఆర్పేశాడు. ఒకసారి పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టాడు. దానివల్ల ప్రయోజనమేమిటో ఆయనకే తెలియాలి. ప్రతిసారీ అదే వాక్యం. నిద్రపోతున్నవాడిని లేపవచ్చు గాని, ప్రాణం లేనివాడిని పిలిచి లేపడం ఎవరి తరం?

ఆదివారం పొద్దున్నే అక్కయ్య చేతిసంచీతో దిగింది. మామయ్య మెట్లకింద నుంచి తల మాత్రం బయటికి పెట్టాడు.

"ఏరా. తెరిచావా." అంది ఫోను.

"ఆఁ అక్కయ్యా... అదిగో, వేడెక్కుతోంది."

"వేడెక్కడానికి. అదేమన్నా. బస్సు ఇంజనా."

"వదినగారూ, అది నిన్నటి నుంచీ లేవడం లేదు" అంది భార్య. "దానికి ఊపిరి ఊదారు, దణ్ణం పెట్టారు, వీపున చరిచారు. ఇంక కాళ్ళు పట్టుకోవడమే మిగిలింది. కాళ్ళు లేవు కాబట్టి బతికిపోయింది."

మామయ్య తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు. తిట్లు రాలేదు. అక్కయ్య కుర్చీలో కూర్చుంది. ఆమె వేలు ఫోను మీద నెమ్మదిగా కదిలింది.

"నా గొంతు. అందులో తప్ప. ఇంకెక్కడా లేదా."

ఆయన పెట్టె వీపునున్న పెన్ డ్రైవును తీసి మళ్ళీ గుచ్చాడు.

"నా ఫోనులోవి. నువ్వే కదరా. తుడిచావు."

తిట్టని అక్కయ్యను ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సంచీ ఆమె ఒళ్ళోనే ఉంది. మర్నాడు ఆసుపత్రికి తీసుకుపోవడానికని ఉతికి ఆరేసి తెచ్చిన ఖాళీ సంచీ.

మామయ్య కూతురిని చేసుకున్న అల్లుడికి వీడియో కాల్ చేశారు. కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం గనుక ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె చెడిపోయినా అతనికే ఫోను చేస్తారు.

"పాత పెన్ డ్రైవు ఉందా మామయ్యగారూ?"

"ఉంది బాబూ."

"హమ్మయ్య. చూపించండి."

మామయ్య అరచేయి చాచాడు. రెండు ముక్కలు. అల్లుడి ముఖం కదలకపోవడంతో నెట్ ఆగిపోయిందనుకున్నారు.

"ఎవరు కోశారు?" అన్నాడు చివరికి.

"నేనే. మంచి ప్రతి వచ్చాక చెడ్డ ప్రతి ఉంచకూడదు బాబూ. అది పద్ధతి."

"నన్నింకా ఉంచారు. అదే పదివేలు" అంది భార్య.

అల్లుడు కణతలు నొక్కుకున్నాడు. "మామయ్యగారూ, మీరు ఫైళ్ళు కాపీ చేశారు. పెన్ డ్రైవు మొదట్లో ఒక చిన్న చోటుంటుంది. కంప్యూటరు లేవగానే ముందు అక్కడే చూస్తుంది. అది ఫైలు కాదు, మీకు కనబడదు. లాగి వదిలితే రాదు. దాన్ని రాయడానికి వేరే ప్రోగ్రాముంది."

"ఒక్క ఫైలు వదిలితే ఒట్టు! సైజు కూడా అణుమాత్రం తేడా లేదు."

"సైజు సరిపోవచ్చండీ. అయినా అది లేవదు."

"కనబడనిది లేదని లేవదా? ఇదెక్కడి చోద్యం?"

చోద్యమేమీ కాదు. శవానికీ మనిషికీ అవయవాల లెక్కలో తేడా ఉండదు. కనబడేదంతా నకలు తీయగలిగిన మామయ్య, కనబడని ఆ బొటనవేలంత పురుషుడిని పాత గూటిలోనే వదిలి, ఆ గూటిని పటకారుతో తుంచివచ్చాడు. జన్మంతా నమ్మిన సిద్ధాంతం మెట్లకింద కూలిపోతుంటే పాపం ఆయన ఆ రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి చూశాడు. అయినా అల్లుడు చెప్పినట్లే దుకాణానికి పరుగెత్తి, పెట్టె నడిపే వ్యవస్థను ఇంటర్నెట్ నుంచి కొత్తగా దింపుకుని, ఆ రాసే ప్రోగ్రాముతో పెన్ డ్రైవులోకి ఎక్కించాడు. వ్యవస్థను నిలపడానికని మరొక ఖాళీ పెన్ డ్రైవునూ జేబులో వేసుకున్నాడు.

రెండిటినీ గుచ్చి మీట నొక్కాడు. పంకా తిరిగింది, దీపం వెలిగింది, తెల్లటి వాక్యం మాత్రం రాలేదు. దాని బదులు నీలి తెర వచ్చింది.

"లేచింది!" అని మామయ్య వేసిన కేకకు ఉతికే మెషీను మీది సబ్బుడబ్బా కింద పడింది.

"వెరీ గుడ్. ఇంక అదేమడిగినా ఎస్ కొట్టుకుంటూ పోండి. నేను పిల్లదాన్ని ఈతకు దింపి వస్తాను" అని అల్లుడు మాయమయ్యాడు.

తెర అడిగింది, మామయ్య ఎస్ కొట్టాడు. మళ్ళీ అడిగింది, మళ్ళీ కొట్టాడు. మనిషి గెలుపు మత్తులో ఉన్నప్పుడు విధి అతి మర్యాదగా ప్రశ్నలు వేస్తుంది. వ్యవస్థను ఎక్కడ నిలపాలి అని అడుగుతూ తెర ఒక పట్టిక చూపింది. పైన ఒకే వరుసలో జంటగా రెండు డిస్కులు, అడుగున ఖాళీ పెన్ డ్రైవు. దుకాణంలో మెషీను ఏ కాగితాల ట్రే అని అడిగినప్పుడల్లా మొదటిదే ఎంచుకునే అలవాటున మామయ్య మొదటిదాని మీద మీట నొక్కాడు. ఇందులో ఉన్నదంతా తుడిచివేయబడును, సమ్మతమేనా అని తెర అడిగింది. ఆయన వేలు పైకి లేచింది.

వెనుక నిలబడిన అక్కయ్య ప్రతి పంక్తీ చదువుతోంది. ఒకసారి తుడిచివేతకు గురైన మనిషి ఆ మాటను ఊరికే దాటిపోదు. ఆమె నోరు తెరిచింది, శబ్దం లేదు. ఫోనులో అక్షరాలు కొట్టే వ్యవధి లేదు. ఒక్క అంగలో గోడ దగ్గరకు వెళ్ళి తీగ పట్టుకుని లాగింది. ప్లగ్గు ఒక్కటే రాలేదు. స్విచ్‌బోర్డు మూత, దాని వెంట గోడ సున్నం, ఉతికే మెషీను ప్లగ్గు అన్నీ ఆమె చేతికి వచ్చాయి. తెర నల్లబడింది. మెషీనులో బట్టలు నిట్టూర్చి ఆగాయి.

ఆ నిశ్శబ్దంలో ఆమె రొప్పుతూ అక్షరాలు కొట్టింది. ఫోను తన సహజమైన ప్రశాంతతతో చదివింది.

"గాడిదా. అది. నీ డిస్కు. నా గొంతు. అందులోనే ఉంది. చదివి చావు."

మామయ్య పెట్టె ముందు చతికిలబడ్డాడు. అప్పుడు ఆయనకు తన దుకాణమే దారి చూపింది. మెషీను బాగుచేసేటప్పుడు ఎవరి అసలు కాగితమూ లోపల ఉండకూడదు. ముందు దానిని బయటికి తీయాలి, ఆ తరువాతే మూత విప్పాలి. ఎన్నోసార్లు చేసిన పనే.

"అక్కయ్యా, డిస్కుల తీగలు ఊడదీసేస్తాను. లోపల అవి లేకపోతే తుడవడానికి దానికేం దొరుకుతుంది?"

"ఇదేదో. మనిషి. మాట్లాడినట్టుంది."

స్విచ్‌బోర్డుకు మూత బిగించాక, పెట్టె మూత విప్పి రెండు డిస్కుల తీగలూ ఊడదీశాడు. ఈసారి ఎస్ కొట్టబోయే ముందు ప్రతి ప్రశ్ననూ పైకి చదివాడు. అక్కయ్య తల ఊపితేనే నొక్కాడు. పట్టికలో ఖాళీ పెన్ డ్రైవు తప్ప మరొకటి లేదు. వ్యవస్థ అందులో నిలిచింది. పెట్టెను ఆర్పి, డిస్కుల తీగలు తిరిగి తగిలించి, ఖాళీది కాక ఇప్పుడు నిండినదైన ఆ పెన్ డ్రైవును మాత్రమే ఉంచి మీట నొక్కాడు. పెట్టె తనంతట తాను లేచింది. పాత డిస్కులు రెండు కనబడుతున్నవి, వాటిని ఉన్నవి ఉన్నట్లుగా చేర్చుకోమంటారా అని అడిగింది.

"ఉన్నవి ఉన్నట్లుగా" అని మామయ్య రెండుసార్లు చదివాడు. అక్కయ్య తల ఊపింది.

సమస్తమూ ఉంది. 'అక్కయ్య' అని రాసిన ఫోల్డరు తెరిచారు. బస్‌స్టేషను ప్రకటనలు ఎన్నో ఉన్నాయి గాని అన్నిటిలోనూ హారన్లూ, ఇంజన్ల రొదా, ఎవరిదో పసిబిడ్డ ఏడుపూ. డాక్టరమ్మ అడిగినంత స్పష్టంగా ఒక్కటీ లేదు. మామయ్య ముఖం మళ్ళీ వాడింది. ఆ కిందనే మరొక ఫోల్డరు కనబడింది. ఉద్యోగం మధ్యలో, తలుపులు మూసిన మైకు గదిలోంచి ఆమె తమ్ముడికి పంపిన వాయిస్ మెసేజులు. ఆయన ఒక్కటీ పారేయలేదు. మొదటిది నొక్కాడు.

"ఒరేయ్, ఫోనెత్తవేం? చేతిలో ఉన్నది ఫోనా, ఇటుకా?"

ఇల్లంతా ఖంగుమంది. భార్య బుట్ట కింద పెట్టేసింది. రెండవది నొక్కాడు.

"గొడుగు మా ఇంట్లో వదిలేసి పోయావు. దానికీ నకలుందా మీ ఇంట్లో? వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నావో, వచ్చి ఇంకో నాలుగు తగిలిస్తాను."

మూడవది. "అన్నం తిన్నావా లేదా? అవునో కాదో ఒక్క ముక్క చెప్పు. నోరుండీ నువ్వు పలకవు, అరుపులు నాకు!"

హారను లేదు, రొద లేదు. ప్రతి అక్షరమూ గంట కొట్టినట్లు స్పష్టం. అక్కయ్య శబ్దం లేకుండా నవ్వుతోంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. కళ్ళ నుంచి నీరు చెంపల మీదుగా జారుతున్నా తుడుచుకోలేదు. కొంతసేపటికి ఫోను అడిగింది.

"ఇవన్నీ. ఎందుకు. దాచావురా."

"తర్వాత తీరిగ్గా విందామని."

"వినేవాడివైతే. మొదటిసారే. వినేవాడివి."

మామయ్య సబ్బుడబ్బా ఏరుకునే నెపంతో మెట్లకిందికి దూరి చాలాసేపు బయటికి రాలేదు.

సోమవారం ఆసుపత్రిలో డాక్టరమ్మ వాటిని విని కళ్ళద్దాలు సర్దుకుంది. "వీటిలో మామూలుగా మాట్లాడినవి ఏమైనా ఉన్నాయా?"

"ఇదే మామూలు డాక్టరుగారూ" అంది మామయ్య భార్య.

కొన్ని వారాలకు గొంతు తయారై వచ్చింది. అచ్చంగా ఆమెదే. ఒక్కటే చిక్కు: తిట్ల మీద పెరిగిన గొంతు గనుక దానికి తిట్టడం తప్ప మరొకటి రాదు. ఇంటికి వచ్చినవారిని "కూర్చోండి" అంటే వారు భయంతో లేచి నిలబడతారు. "చాలా సంతోషం" అన్నా ఏదో నేరం పట్టుకున్నట్లే ఉంటుంది. కాస్త మెత్తన చేయిస్తానని డాక్టరమ్మ అంటే, "అక్కర్లేదు, నేనింతే!" అని ఫోను గద్దించింది. డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

ఇప్పుడు ఆమె రోజూ మధ్యాహ్నం దుకాణానికి ఫోను చేస్తుంది. ఆ గొంతు వినగానే మామయ్య రెండు మెషీన్లనూ ఆపేస్తాడు. ఎదుట కాగితాలతో నిలబడినవారు గొణుక్కున్నా పట్టించుకోడు. "తిన్నావా లేదా?" అని అక్కయ్య ఉరుముతుంది. "తిన్నాను అక్కయ్యా" అని ఆయన మొదటిసారికే జవాబు చెబుతాడు.

సర్వసాక్షియైన పరమాత్ముడు ఆ పొట్టి మనిషిని చల్లగా చూచుగాక! ఆయన వేలు ప్రశ్న చదవక మునుపు మీటను తాకకుండుగాక! ఆ ఇల్లాలి ఎత్తిపొడుపులకు పదును తగ్గకుండుగాక; అల్లుడికి వినే ఓపికా, ఆమె ఉతికే బట్టలకు ఎండా కరువు కాకుండుగాక! ఆ అక్కయ్య నిండు నూరేళ్ళు కడుపునిండా తిట్టుగాక, ఆ తమ్ముడు నిండు నూరేళ్ళు చెవులారా వినుగాక! ఆ గడపలో అడుగుపెట్టినవారందరూ, కూర్చోమన్నప్పుడు బెదరక కూర్చుందురుగాక!